బొమ్మ సరిగా రాకపోతే ఎక్కడ వెతకాలి: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు డిజిటల్ టీవీ మార్గదర్శిని

పెద్ద టీవీ కొన్నా బొమ్మ పాత టీవీలో ఉన్నంత స్పష్టంగా కూడా లేదని బాధపడే కుటుంబాలు మన తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలా కనిపిస్తాయి. ఎక్కువ ఇళ్లలో ఆ లోపం టీవీది కాదు. ప్రసారం బయలుదేరిన చోటి నుంచి డిష్ లేదా కేబుల్, సెట్‌టాప్ బాక్స్, మధ్యలోని వైర్లు దాటుకుని తెర మీదికి చేరే దారిలో ఏదో ఒక చోట నాణ్యత తగ్గి ఉంటుంది. అలా తగ్గిపోయిన నాణ్యతను ఆ తర్వాత వచ్చే పరికరం ఎంత ఖరీదైనదైనా వెనక్కి తేలేదు. కాబట్టి కొత్త వస్తువు మీద డబ్బు పెట్టే ముందు ఈ దారిని ఒకసారి మొదటి నుంచి చివరి దాకా పరిశీలించడం నేర్చుకోవాలి.

ముందుగా మీ ఇంటికి ప్రసారం ఏ మార్గంలో వస్తున్నదో తెలుసుకోండి. వీధి కేబుల్ ఆపరేటర్ ఇచ్చే డిజిటల్ కేబుల్, నెలవారీ చందా కట్టే డీటీహెచ్, చందా లేని దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్, ఏపీ ఫైబర్‌నెట్ వంటి ఫైబర్ కనెక్షన్, నేరుగా ఇంటర్నెట్ ద్వారా వచ్చే యాప్‌లు అన్నీ డిజిటల్ ప్రసారాలే అయినా, ఒక్కొక్కదానికి వచ్చే ఇబ్బంది ఒక్కో రకంగా ఉంటుంది. పాత అనలాగ్ కేబుల్ చట్టప్రకారం విడతల వారీగా తొలగిపోయింది. మన పక్కనున్న చెన్నై 2012 అక్టోబరు 31 గడువుతో మొదటి విడతలో చేరగా, పల్లెలతో కూడిన చివరి విడత గడువు 2017 మార్చి 31న ముగిసింది.

అనలాగ్ రోజుల్లో సిగ్నల్ బలహీనపడితే తెర మీద చుక్కలు పెరిగేవి, గొంతులో గరగర వచ్చేది, అయినా ఎంతో కొంత కనిపించేది. డిజిటల్ ప్రసారం అలా ప్రవర్తించదు. దారిలో కొంత సమాచారం చెడిపోయినా సరిదిద్దుకునే ఏర్పాటు అందులోనే ఉంటుంది కనుక, ఒక హద్దు వరకు బొమ్మ చెక్కు చెదరదు. ఆ హద్దు దాటగానే ముఖాలు చదరపు ముక్కలుగా విరిగిపోవడం, బొమ్మ నిలిచిపోవడం, చివరికి తెర నల్లబడటం కొద్ది క్షణాల్లోనే జరుగుతాయి. దీని వల్ల ఒక చిక్కు ఉంది. ఈరోజు బొమ్మ బాగున్నంత మాత్రాన సిగ్నల్ బాగున్నట్లు కాదు, అది హద్దుకు అతి దగ్గరలో ఉండి ఉండవచ్చు. ఆ సంగతి బాక్సు మెనూలో కనిపించే సిగ్నల్ స్ట్రెంగ్త్, సిగ్నల్ క్వాలిటీ అనే రెండు గీతల వల్ల తెలుస్తుంది. స్ట్రెంగ్త్ అంటే ఎంత బలంగా వస్తున్నదో, క్వాలిటీ అంటే అందులో ఎంత శుభ్రమైన సమాచారం ఉన్నదో చెబుతుంది. నమ్మవలసింది రెండోదాన్ని. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఈ రెండు అంకెలను ఒక కాగితం మీద రాసి టీవీ వెనుక అంటించి ఉంచుకుంటే, తర్వాత ఏ తేడా వచ్చినా పోల్చి చూసుకోవడం తేలిక.

డిష్ ఉన్నవారికి దిశ ముఖ్యం. డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 నుంచి వస్తాయి. భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆ ఉపగ్రహం ఉంటుంది. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉన్నా, ఈ ఉపగ్రహం మాత్రం 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి ఏరియన్-5 రాకెట్ మీద వెళ్లింది. తిరుపతి నుంచి చూస్తే అది ఆగ్నేయ దిశలో, నేల నుంచి సుమారు 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తికి దగ్గరగా అన్నమాట. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కనుక కొండ అడ్డమవుతుందన్న భయం అక్కరలేదు. డిష్ కన్నా 10 అడుగులు ఎత్తుగా లేచిన పక్కింటి గోడ కూడా 6 అడుగుల దూరంలో ఉంటే అడ్డు రాదు. అడ్డు వచ్చేది ఎక్కువగా ఏటేటా పెరిగే మామిడి, కొబ్బరి చెట్లే. ఇంకొక విషయం చాలామందిని తికమక పెడుతుంది. మన ఇళ్ల మీది డిష్ పళ్లెం చూపులకు అంత పైకి తిరిగి ఉన్నట్లు కనిపించదు. పళ్లెం ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే చిన్న పరికరమైన ఎల్‌ఎన్‌బీ నీడ పళ్లెం మీద పడకుండా దాన్ని ఒక పక్కకు జరిపి చేసిన నమూనా అది, అందువల్ల పళ్లెం నిలువుగా ఉన్నట్లు కనిపించినా ఆకాశంలో చాలా ఎత్తునుంచే అందుకుంటుంది. నిలువుగా ఉందని అనుకుని చేత్తో వెనక్కి వంచితే ఉన్న సిగ్నల్ కూడా పోతుంది.

వానల్లో టీవీ ఆగిపోవడం మనకు బాగా తెలిసిన కష్టం. మన ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలు 10 గిగాహెర్ట్జ్‌కు పైన ఉంటాయి. వాన చినుకులు ఈ తరంగాల శక్తిని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. కుండపోత వానలో పది, ఇరవై నిమిషాలు బొమ్మ పోవడం సహజమే, దానికి ఎవరూ చేయగలిగిందేమీ లేదు. ఆ సమయంలో మిద్దె ఎక్కి డిష్‌ను కదపడం అనవసరం, ఉరుముల్లో అయితే ప్రాణాపాయం కూడా. పిడుగుల వేళ బాక్సు ప్లగ్ తీసి ఉంచడం మంచిది. అయితే సన్నటి తుంపరకే బొమ్మ పోతున్నదంటే అది వాన తప్పు కాదు. మీ డిష్ కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది, లేదా కనెక్టర్‌లోకి నీరు దిగి ఉంటుంది.

ఆ కనెక్టర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. ముందు బాక్సు ప్లగ్ తప్పనిసరిగా తీసేయాలి, ఎందుకంటే అదే వైరు గుండా బాక్సు ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు పంపుతూ ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గరి మరను విప్పితే, నీరు దిగిన చోట మధ్య తీగ మెరుపు పోయి చిలుము పట్టి, చుట్టూ ఉన్న అల్లిక నల్లబడి కనిపిస్తుంది. అంత మేర వైరు కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించి, పైన నీరు చొరని టేపు చుట్టించాలి. వైరు ఎల్‌ఎన్‌బీని చేరే ముందు ఒక వంపు కిందికి వేలాడేలా వదిలితే, వైరు వెంట జారే వాన నీరు అక్కడే కింద పడుతుంది. చానెళ్లలో సగం వస్తూ మిగతా సగం రాకపోవడం మరొక తెలియని చిక్కు. ఉపగ్రహ తరంగాలు నిలువుగా ఊగేవి, అడ్డంగా ఊగేవి అని రెండు రకాలు. ఎల్‌ఎన్‌బీ నిలువు రకాన్ని అందుకోవాలంటే 13 వోల్టులు, అడ్డ రకాన్ని అందుకోవాలంటే 18 వోల్టులు వెళ్లాలి. చెడిన వైరులో వోల్టేజి పడిపోతే ఒక గుంపు చానెళ్లు మొత్తంగా మాయమవుతాయి. అప్పుడు బాక్సు మార్చడం కన్నా వైరు చూపించడం ముందు చేయవలసిన పని.

మార్చి నెల మధ్యలోనూ, సెప్టెంబరు ఆఖరులోనూ కొన్ని రోజుల పాటు ఉదయం 11 గంటల ప్రాంతంలో ఎండ బాగా కాస్తున్నా కొద్ది నిమిషాలు సిగ్నల్ పోవచ్చు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు రావడమే దానికి కారణం, అది దానంతట అదే సర్దుకుంటుంది.

కేబుల్ ఇళ్లలో వాన బాధ తక్కువ గాని స్ప్లిటర్ల బాధ ఎక్కువ. ఒక వైరును రెండుగా చీల్చిన ప్రతిసారీ ఒక్కో కొమ్మకు సగానికి తక్కువ శక్తే చేరుతుంది. రెండో గదికి, మేడ మీద అద్దెకున్న వారికి అంటూ వరుసగా చీల్చుకుంటూ పోతే చివరి టీవీకి చేరే సిగ్నల్ బొమ్మ విరిగే హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. అవసరం లేని స్ప్లిటర్లను తీయించడం ఖర్చు లేని వైద్యం.

ఇక నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది హెచ్‌డీ చానెళ్లకు చందా కడుతూ బాక్సును పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఏవీ వైరుతో టీవీకి తగిలించడం. ఆ పసుపు పిన్ను గుండా హెచ్‌డీ రాదు, ఎంత మంచి ప్రసారమైనా మామూలు స్థాయికి దిగిపోతుంది. హెచ్‌డీఎంఐ వైరు తగిలించి, బాక్సు మెనూలో వీడియో రిజల్యూషన్‌ను 1080కి మార్చి, టీవీలో సరైన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఎంచుకుంటే అదే టీవీలో శ్రీవారి వాహన సేవల ప్రసారం హెచ్‌డీలో వచ్చినప్పుడు పూలమాలలోని ఒక్కొక్క పువ్వు విడిగా తెలుస్తుంది. మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తే పాత 4:3 కొలత బొమ్మను 16:9 తెరకు సాగదీస్తున్నారని అర్థం. చానెల్ గుర్తులోని వలయం గుడ్డు ఆకారంలో ఉంటే మెనూలో ఆస్పెక్ట్ రేషియో, అంటే బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి, సరిచేయాలి. కింద పరుగెత్తే వార్తల పట్టీ సగం తెగిపోతుంటే, టీవీ బొమ్మ మెనూలో స్క్రీన్ ఫిట్ వంటి అమరిక కోసం చూడండి.

4కే టీవీ కొన్నవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మామూలు ఎస్‌డీ చానెల్ బొమ్మలో 720 అడ్డంగా, 576 నిలువుగా మొత్తం 4,14,720 బిందువులు ఉంటాయి. 4కే తెరలో 3840, 2160 చొప్పున 82,94,400 బిందువులు ఉంటాయి, అంటే సరిగ్గా 20 రెట్లు. టీవీ ఒక్కొక్క బిందువును ఇరవైగా ఊహించి నింపుతుంది గనుక, ఎస్‌డీ మాత్రమే చూసే ఇంటికి అతి పెద్ద తెర కొనడం నా అభిప్రాయంలో మేలు చేయదు. ఇంటర్నెట్ యాప్‌లలో 4కే చూడాలంటే 15 నుంచి 25 ఎంబీపీఎస్ వేగం నిలకడగా అందాలి. రౌటర్ పక్క గదిలో ఉంటే ల్యాన్ వైరు వేసుకోవడం నయం.

చందా విషయంలో మన సరిహద్దు ఊళ్ల వారికి ఒక మాట. నగరి, కుప్పం వైపు ఇళ్లలో తెలుగుతో పాటు తమిళ చానెళ్లు, పలమనేరు వైపు కన్నడ చానెళ్లు కూడా చూస్తారు. రెండు భాషల ప్యాకేజీలు పూర్తిగా తీసుకునే బదులు ఒక ప్యాకేజీ, దానికి తోడు కావలసిన చానెళ్లు విడిగా తీసుకుంటే తక్కువ పడవచ్చు. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ 2019 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న విధానం ప్రకారం ప్రతి చెల్లింపు చానెల్‌కు విడి ధర ప్రకటించాలి, విడిగా ఎంచుకునే హక్కు వీక్షకుడిది.

ఇవన్నీ చూసినా తేలకపోతే ఫిర్యాదు చేయండి. ఫోన్ చేసే ముందు తెర మీది ఎర్రర్ సంఖ్య, రాని చానెళ్ల పేర్లు, రెండు సిగ్నల్ అంకెలు రాసుకుని, అదే కనెక్షన్ ఉన్న పక్కింట్లో వస్తున్నదో లేదో కనుక్కోండి. పక్కింట్లో కూడా రాకపోతే మీ ఇంటికి మెకానిక్‌ను పిలిచి రుసుము కట్టవలసిన పని లేదు. ఫిర్యాదు సంఖ్య తప్పక అడిగి తీసుకోండి, గడువులోగా పని జరగకపోతే అదే సంఖ్యతో ఆ సంస్థ నోడల్ అధికారికి రాయవచ్చు.