నల్లార్‌బోర్ దాటేవాళ్లకు: అడిలైడ్ నుంచి ఎస్పెరెన్స్ దాకా

నల్లార్‌బోర్ అంటే దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో పరచుకున్న చెట్లులేని పెద్ద మైదానం. ఏ నెలలో వెళ్లాలో ముందు ఖాయం చేసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే ఎండ బాధ ఉండదు, దారిలో సముద్రం ఒడ్డున ఉన్న హెడ్ ఆఫ్ బైట్ కొండ అంచు నుంచి, తమ పిల్లలతో ఈదే తిమింగలాలు కనిపిస్తాయి. రాత్రిళ్లు మాత్రం చలి కొరికేస్తుంది, రగ్గులు ఎక్కువే పెట్టుకోండి.

వ్యాన్ అద్దెకు తీసుకునేటప్పుడు మట్టి రోడ్లమీద నడపొచ్చా, చీకటిపడ్డాక కంగారూ గుద్దుకుంటే ఇన్సూరెన్స్ ఇస్తారా అని కాగితంలో చూడండి. ఏదేమైనా పొద్దు వాలకముందే బండి ఆపేయడం మా ఇంటి నియమం.

అసలు తలనొప్పి వంటసామానుతోనే. రెండు రాష్ట్రాల సరిహద్దులోని బోర్డర్ విలేజ్ దగ్గర పశ్చిమ ఆస్ట్రేలియా తనిఖీ ఉంటుంది. తాజా పళ్లు, కూరగాయలు, తేనె అక్కడే వదిలెయ్యాలి. అందుకే మా ఆవిడ ముందురోజు రాత్రే మిగిలిన వంకాయలు, కరివేపాకుతో సహా అన్నీ వండేస్తుంది. చింతపండు పులిహోర, ఆవకాయ ఉంటే మైదానం దాటాక వచ్చే ఊరు నోర్స్‌మన్ దాకా బెంగలేదు. కూరలు అక్కడ మళ్లీ కొనుక్కోవచ్చు.

మైదానానికి ముందు తూర్పున ఉన్న ఊరు సెడూనా నుంచి నోర్స్‌మన్ సుమారు 1,200 కిలోమీటర్లు, మధ్యలో పెట్రోలు, తిండి దొరికే రోడ్డుపక్క మజిలీలు, అంటే రోడ్‌హౌస్‌లే గతి. ట్యాంకు సగానికి దిగితే ధర చూడకుండా నింపండి. తాగునీళ్లు సెడూనాలోనే పట్టుకోండి. కైగూనా నుంచి బలడోనియా వైపు 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపూ లేదు. నిద్ర ముంచుకొస్తుంది, డ్రైవర్లు మారండి. సరిహద్దు దగ్గరి చిన్న ఊరు యూక్లా దగ్గర గడియారాలు పెర్త్‌కంటే 45 నిమిషాలు ముందుంటాయి, కంగారుపడకండి.