తెలుగు పేర్లు ఎక్కడ తెగాయంటే

మా కాలేజీ లైబ్రరీని కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని నా మీద పడింది. పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మార్క్ ఫైలు (పుస్తకాల వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే పద్ధతి) ఎక్కిస్తే ఇంగ్లీషు పుస్తకాలు బుద్ధిగా వచ్చాయి. తెలుగువి మాత్రం పుస్తకం పేరుండే 245 ఫీల్డులో పేరు సగంలో తెగి, తోక ప్రచురణ వివరాల్లో తేలింది. రెండు రోజులు ఫాంట్‌ను తిట్టుకున్నాను, పాపం దాని తప్పేమీ లేదు.

మార్క్ రికార్డులో ఏ ఫీల్డు ఎక్కడుందో చెప్పే డైరెక్టరీ ఉంటుంది. ఒక్కో ఫీల్డుకు 12 స్థానాలు: ట్యాగుకు 3, పొడవుకు 4, మొదలయ్యే చోటుకు 5. పొడవు బైట్లలో ఉండాలి. ‘కి’ మన కంటికి ఒక్క అక్షరమే, కానీ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 6 బైట్లు. పాత సాఫ్ట్‌వేర్ బైట్లు కాకుండా క, గుడి అని గుర్తులు లెక్కపెట్టి 2 అని రాసుకుంది!

డైరెక్టరీని పక్కనపెట్టి, ఫీల్డు ముగింపు గుర్తు దగ్గర విడగొట్టి, పైమార్క్ అనే పైథాన్ లైబ్రరీతో రికార్డులు మళ్లీ రాయించాను. రికార్డు మొదట్లో ఉండే లీడరులో, సున్నా నుంచి లెక్కపెడితే 9వ స్థానంలో, యూనికోడ్‌కు గుర్తుగా ఇంగ్లీషు చిన్న ‘a’ పెట్టించాను. ముందు అయిదు పుస్తకాలతో చూసి, తర్వాతే మొత్తం ఎక్కించాను.