శివరాత్రి నుంచి ఉగాది దాకా: వేసవిలో చేపల తొట్టి కంపు కొట్టకుండా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. అక్కణ్ణుంచి ఉగాదికి నెల రోజులు. ఇంట్లో చేపల తొట్టి ఉన్నవాళ్ళు ఈ నెలను వదులుకోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, తొట్టిలో నీళ్ళు 33 డిగ్రీలు దాటి, హాలంతా కంపు కొడుతుంటే అప్పుడు చేయగలిగేది తక్కువ. కంగారులో చేసే పనుల వల్లే చేపలు ఎక్కువగా పోతాయి.

ముందు కంపు ఎక్కడ పుడుతుందో తెలియాలి. తినగా మిగిలిన మేత, చేపల మలం, రాలిన ఆకులు అడుగున చేరతాయి. ఆక్సిజన్ అందుతున్నంత కాలం అక్కడి బ్యాక్టీరియా వాటిని పెద్దగా వాసన లేకుండానే అరిగించేస్తుంది. ఆక్సిజన్ అందని చోట వేరే రకం బ్యాక్టీరియా చేరుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ని వదిలేది అదే. కాబట్టి తొట్టి కోడిగుడ్డు కంపు కొడుతోందంటే అందులో ఎక్కడో గాలి ఆడటం లేదని అర్థం. ఆ చోటు వెతికి గాలి ఆడేలా చేస్తేనే కంపు పోతుంది.

వేసవిలోనే ఎందుకంటే, నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ పట్టదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగి ఉండగలిగితే 33 డిగ్రీల దగ్గర 7.2కి పడిపోతుంది. అదే వేడికి చేపలు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ పీలుస్తాయి, కుళ్ళడమూ వేగంగా జరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లులాంటి పరిస్థితి. అమ్మోనియాతోనూ చిక్కే. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉన్న నీటిలో 25 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో 5 శాతం విష రూపంలో ఉంటే, 30 డిగ్రీలకు అది 7 శాతం దాటుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఆ పీహెచ్ దగ్గరే ఉంటాయి.

అడుగు నుంచి ఒక గ్లాసు నీళ్ళు తీసి, తొట్టికి దూరంగా తీసుకెళ్ళి వాసన చూడండి. చెరువు గట్టు మీద వచ్చేలాంటి పలచటి వాసన ఉంటే తొట్టి బాగున్నట్టే. కోడిగుడ్డు వాసన అయితే గులకరాళ్ళ కిందో ఫిల్టర్ లోపలో తేడా ఉంది. నీచు వాసన గుప్పుమంటే మేత ఎక్కువైంది, లేదా ఏ చేపో నత్తో చచ్చి ఫిల్టర్ వెనక ఇరుక్కుంది. చచ్చిన నత్త ఒక్కటే గదంతా కంపు చేస్తుంది, కాబట్టి నత్తలున్నవాళ్ళు ముందు వాటిని లెక్కపెట్టుకోవాలి. ఘాటైన మట్టి వాసనతో పాటు రాళ్ళ మీద నీలిపచ్చ జిగురు పొరలా లేస్తుంటే అది నీలిఆకుపచ్చ పాచి. దాన్ని చేత్తో తీసేసి, తొట్టి మీద ఎండ పడకుండా చూసి, లైటు రోజుకు 6 గంటలకు తగ్గించాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. వాసన రాగానే చేపల్ని బకెట్లో వేసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళను సబ్బుతో కడిగి ఎండబెట్టి, స్పాంజిని కొళాయి కింద పిండేస్తారు. అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా ఉండేది ఆ రాళ్ళ మీదా ఆ స్పాంజిలోనే. అది పూర్తిగా పోతే మళ్ళీ పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే మెరిసిపోయేలా కడిగిన తొట్టి వారం తిరక్కుండానే తెల్లగా మసకబారి మళ్ళీ వాసనేస్తుంది. మే నెలలో ఈ పని చేయడమంటే చేపల్ని చేజేతులా పోగొట్టుకోవడమే.

ఈ నెలలో చేయాల్సింది అదే శుభ్రం, కానీ ముక్కలు ముక్కలుగా. ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే రెండడుగుల తొట్టినే తీసుకుందాం. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. లెక్కకు 57 లీటర్లు పట్టినా రాళ్ళూ పైన వదిలిన ఖాళీ పోను నిజంగా ఉండేది 45 లీటర్లు. అడుగును 8 అంగుళాల చొప్పున మూడు భాగాలు చేసుకోండి. మొదటి వారం ఎడమ భాగం, రెండో వారం మధ్య భాగం, మూడో వారం కుడి భాగం. సైఫన్ గొట్టం (నీళ్ళను కిందికి లాగే గొట్టం) వెడల్పు మూతిని రాళ్ళలోకి అడుగుదాకా దించి, మురికి పైకి లేచి గొట్టంలోకి పోయేదాకా ఉంచి, పక్కకు జరపాలి. మొత్తం 12 లీటర్ల నీళ్ళు పోగానే ఆపేయాలి. ఆ వారం భాగంలో మురికి ఇంకా మిగిలినా సరే, ఆపాలి.

రాళ్ళు తవ్వినప్పుడు నల్లటి మచ్చలు, బుడగలు, కోడిగుడ్డు వాసన వస్తే జాగ్రత్త. ఆ వాయువు ఒక్కసారిగా నీటిలో కలిస్తే చేపలు నిమిషాల్లో తేలిపోవచ్చు. అప్పుడు చేపల్ని అదే తొట్టి నీళ్ళున్న బకెట్లోకి మార్చి, బకెట్లో గాలి గొట్టం వేసి, ఆ తర్వాతే ఆ చోటును కలపాలి. కిటికీలు తీసి పెట్టండి. రాళ్ళు 5 సెంటీమీటర్ల కంటే మందంగా పరిచి ఉంటే ఈ బెడద ఏటా వస్తుంది. ఏ వారం భాగంలో ఆ వారం కాస్త తీసేసి 3 సెంటీమీటర్లకు తగ్గించండి. సన్నటి ఇసుక అయితే ఇంకా పలచగా ఉండాలి.

గొట్టాన్ని నోటితో పీల్చి నీళ్ళు తెప్పించకండి. గొట్టం మొత్తం తొట్టిలో ముంచి నింపి, ఒక కొస వేలితో మూసి బకెట్లోకి దించితే చాలు. చేతి మీద కోతలుంటే గ్లవ్స్ వేసుకోవాలి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ పీకేయాలి.

నాలుగో వారం ఫిల్టర్. రాళ్ళ జోలికి వెళ్ళిన వారం దీన్ని ముట్టుకోకూడదు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే స్పాంజిని నాలుగైదు సార్లు పిండండి, గోధుమ రంగు నీళ్ళు ఇంకా వస్తున్నా ఆపేయండి. మోటారు లోపల తిరిగే చక్రాన్ని తీసి జిగురు తుడవండి, అది సరిగా తిరగకే చాలా ఫిల్టర్లు ధార తగ్గిపోతాయి. వాసనకు కార్బన్ (ఫిల్టర్‌లో వేసే యాక్టివేటెడ్ బొగ్గు) వేసుకోవాలనుకుంటే ఇప్పుడు వేయండి. మూడు నాలుగు వారాలకు దాని శక్తి అయిపోతుంది, తీసి పారేయాలి. కార్బన్ వాసననూ రంగునూ లాగుతుంది కానీ అమ్మోనియాను లాగదు. నీళ్ళు వాసన లేకపోయినా విషంగా ఉండవచ్చు, అందుకే అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి దగ్గరుండాలి. సున్నా తప్ప ఏది చూపించినా మేత ఆపి నీళ్ళు మార్చాలి.

కొత్త నీళ్ళ విషయంలో వేసవికి రెండు చిక్కులు. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికి సలసలా కాగుతాయి, కాబట్టి తెల్లవారుజామునే పట్టుకోవాలి. కొళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. రాత్రంతా గాలి గొట్టం వేసి ఉంచితే పోతుంది. తొందరైతే హైపో (క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్) స్ఫటికాలు 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, లీటరు నీటికి ఒక చుక్క చొప్పున వేయండి. ట్యాంకర్ నీళ్ళలో బ్లీచింగ్ వాసన గట్టిగా వస్తే రెండు చుక్కలు. బోరు నీళ్ళలో క్లోరిన్ లేకపోయినా, ఒక రాత్రి గాలి ఆడనిచ్చి పోయడం మేలు. ఆ బకెట్‌ను బట్టల సబ్బుకు ఎప్పుడూ వాడకండి.

వేడి తగ్గించడానికి నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. హైదరాబాద్ పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది, విశాఖ, కాకినాడల ఉక్కపోతలో అంతగా కాదు. మూత బదులు వల కప్పండి. ఆవిరైపోయిన మేరకు మాత్రం ఆర్వో నీళ్ళు పోయాలి, ఎందుకంటే ఉప్పులు తొట్టిలోనే మిగిలిపోతాయి. అరలీటరు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి మూత బిగించి తేలేస్తే 45 లీటర్ల తొట్టి ఒక డిగ్రీ తగ్గుతుంది. ఒకేసారి మూడు నాలుగు సీసాలు వేసి చేపల్ని వణికించకండి. గంటకు ఒకటి చాలు.

అన్నిటికన్నా పెద్ద గండం కరెంటు కోత. ఎయిర్ పంపు తినేది 3 నుంచి 5 వాట్లు, ఇన్వర్టర్‌కు అది లెక్కే కాదు. ఫిల్టర్ కంటే ముందు ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైనుకు మార్పించండి. ఇన్వర్టర్ లేకపోతే, కరెంటు పోగానే తనంతట తాను పనిచేసే చార్జింగ్ ఎయిర్ పంపు ఇప్పుడే కొని రెండు మూడు గంటలు నడిపి చూసుకోండి. పంపు నీటి మట్టానికి పైన ఉండాలి, లేదా గొట్టానికి చెక్ వాల్వ్ బిగించాలి. లేకుంటే ఆగిన వెంటనే నీళ్ళు వెనక్కి పంపులోకి కారతాయి. ఏదీ లేనప్పుడు మగ్గుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ, పది నిమిషాలకోసారి ఇరవై మగ్గులు పోయడం కూడా ప్రాణాలు నిలబెడుతుంది.

కరెంటు పోయినంతసేపూ మేత వేయకండి. మూతబిగించి ఉండే డబ్బా ఫిల్టర్ మూడు నాలుగు గంటలు ఆగిపోతే లోపలి నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి కుళ్ళడం మొదలవుతుంది. కరెంటు రాగానే దాన్ని ఆన్ చేస్తే ఆ మురుగంతా తొట్టిలోకి చిమ్ముతుంది. ముందు విప్పి, లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్ళలో పిండి, అప్పుడు ఆన్ చేయండి. తెల్లవారి చేపలన్నీ చచ్చిపడి ఉండడానికి ఇదీ ఒక కారణం.

మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. మరమరాలు, బ్రెడ్డు, బిస్కెట్లు, అన్నం మెతుకులు వద్దు, అవి ఉబ్బి అడుగున పులుస్తాయి. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులను వేసవిలో మానేయడం మంచిది.

వాసన కప్పడానికి తొట్టి పక్కన అగరువత్తులు, సాంబ్రాణి, రూమ్ స్ప్రే వాడకండి. దోమల స్ప్రే అయితే ఆ గదిలోనే వద్దు. ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్ళలోకి నెడుతుంది. తప్పనిసరైతే పంపు ఆపి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, గది పూర్తిగా గాలి ఆడాకే తీయండి.

పిల్లల సెలవులకు వారం పది రోజులు ఊరెళ్తుంటే, బయల్దేరడానికి రెండు రోజుల ముందు 12 లీటర్లు మార్చండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం మేత లేకున్నా ఉంటాయి. పక్కింటివాళ్ళకు మేత డబ్బా అప్పగించి వెళ్ళకండి, జాలితో రోజూ గుప్పెడు వేస్తారు. రోజు విడిచి రోజుకు ఒకటి చొప్పున కాగితం పొట్లాలు కట్టి, ప్రతి పొట్లం మీద తేదీ రాసి ఇవ్వండి. డబ్బాను బీరువాలో పెట్టండి.