ఆరుబయట పందుల పెంపకం ఎలా? కంచె నుంచి పిల్లలు ఈనడం దాకా

అమెరికాలో కొన్ని కుటుంబ ర్యాంచ్‌ల వాళ్లు పందులను షెడ్డులో బంధించకుండా పచ్చిక మీద తిప్పుతూ పెంచుతారు. ఈ పద్ధతిలో టెన్షన్ అంతా కంచెతోనే. అది కుదిరితే మిగతావి తేలికే.

1. ముందు కంచె అలవాటు చేయండి

కొన్న పిల్లలను నేరుగా పచ్చికలోకి వదలకండి. షాక్ కొడితే వెనక్కి తగ్గాలని పందికి పుట్టుకతో తెలియదు. చాలాసార్లు కీచుమంటూ ముందుకే దూసుకుపోతుంది. అందుకే మొదట గట్టి చెక్క దొడ్డిలో పెట్టి, లోపలివైపు గోడకు కాస్త ఎడంగా కరెంటు తీగ లాగండి. ముట్టె తగిలి షాక్ కొట్టగానే ఎదురుగా గోడ ఉంటుంది, వెనక్కి తిరగక తప్పదు. కొద్దిరోజులకు తీగ కనిపిస్తేనే ఆగిపోతాయి.

పచ్చికలో రెండు తీగలు చాలు. ఒకటి నేల నుంచి అరడుగు ఎత్తులో, రెండోది అడుగున్నర దగ్గర. తవ్విపోసిన మట్టి కింది తీగను కప్పేస్తే షాక్ బలం తగ్గిపోతుంది కాబట్టి రోజూ ఓ చుట్టు తిరిగి చూడాలి. ఇక్కడ తీగకు కరెంటు ఇచ్చేది ఎనర్జైజర్ అనే పరికరం. అది క్షణమాత్రం షాక్ ఇచ్చి ఆగుతుంది. మన పల్లెల్లో అడవిపందుల కోసం తీగకు నేరుగా కరెంటు ఇచ్చి మనుషుల ప్రాణాలు తీస్తున్నారే, ఆ పని మాత్రం చేయొద్దు.

2. నేలను చూసి మడి మార్చండి

స్థలాన్ని నాలుగైదు మడులుగా విడగొట్టండి. ఎప్పుడు మార్చాలో క్యాలెండర్ చెప్పదు. అక్కడక్కడ పెళ్లలు లేస్తే ఫర్వాలేదు. సగం మడి మట్టి తేలిందంటే ఆలస్యం చేసినట్టే. వానల్లో ఇంకా త్వరగా మార్చాలి. ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, కాబట్టి మడి మార్చినా పేడ పరీక్ష మానొద్దు.

3. మేత, నీళ్లు, నీడ

పంది ఆవులా గడ్డి మీదే బతకలేదు. మొక్కజొన్న, సోయాచెక్క కలిపిన దాణా పెట్టాల్సిందే. హోటల్ ఎంగిలి వద్దు. 2020లో మన ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల ప్రాణాంతక వ్యాధి మాంసం ముక్కల ద్వారా కూడా వ్యాపిస్తుంది. పందికి చెమట పట్టదు, ఎండాకాలం బురదగుంటే దాని ఏసీ. తెల్ల పందుల చర్మం ఎండకు కమిలిపోతుంది, నీడ తప్పనిసరి.

4. ఈత

చూడి దాదాపు 114 రోజులు. నాలుగైదు రోజుల ముందే తల్లిని విడిగా ఒక గుడిసెలోకి మార్చి, పొడి ఎండుగడ్డి దగ్గర్లో వేయండి. నోటితో కరుచుకెళ్లి అదే గూడు పేర్చుకుంటుంది. షెడ్డుల్లో తల్లి పందులను ఉంచే ఇరుకు బోనుల్లో అటూ ఇటూ తిరగడానికే చోటుండదు. కాలిఫోర్నియాలో 2018లో ఓటర్లు ఆమోదించిన చట్టం ఒక్కో తల్లి పందికి కనీసం 24 చదరపు అడుగులు ఇవ్వాలంటుంది. 2023లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది.

గుడిసె గోడల వెంట జానెడు ఎత్తున ఒక కర్ర బిగిస్తే, తల్లి పడుకునేటప్పుడు పిల్లలు నలిగిపోకుండా దాని కిందికి తప్పుకుంటాయి. పాలిచ్చే రోజుల్లో తల్లి 20 లీటర్లకు పైగానే తాగుతుంది, తొట్టి ఎండనివ్వకండి. ఆరేడు వారాలకు పాలు మాన్పించేటప్పుడు తల్లినే వేరే మడికి తీసుకెళ్లండి. పిల్లలు తెలిసిన చోటే ఉంటే బెదురు తగ్గుతుంది.