బొమ్మల జీన్, చేతి గ్రీటింగ్ కార్డులు: తయారు చేసి అమ్మడం ఎలా?

జీన్ అంటే మీరే రాసి, బొమ్మలు వేసి, జిరాక్స్ తీయించి, మడిచి అమ్ముకునే చిన్న పుస్తకం. మన హైస్కూళ్లలో నడిచిన లిఖిత పత్రికలకు ఇది దగ్గరి చుట్టం. కాకపోతే లిఖిత పత్రిక ఉన్న ఒక్క ప్రతే చేతులు మారేది, జీన్‌ను యాభై ప్రతులు తీసి అమ్మవచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు నా గట్టి సలహా ఇది: ఒకే ఎ4 కాగితం, 8 పేజీలు, నలుపు ఒక్కటే రంగు. కుట్టు, పిన్ను, రెండోవైపు ప్రింటు ఏవీ ఉండవు కాబట్టి ధ్యాసంతా బొమ్మ మీద పెట్టవచ్చు.

ముందు విషయం తేల్చుకోండి. రెండు అట్టలు పోగా మీకు మిగిలేవి 6 పేజీలే. "తెలంగాణ పండుగలు" అంటే అందులో దేనికీ చోటు సరిపోదు. "సద్దుల బతుకమ్మకు మా వాడవాళ్లు తంగేడు పువ్వు ఎక్కడి నుంచి తెస్తారు" అంటే చక్కగా సరిపోతుంది. వీధిలో పొద్దున్నే వినిపించే కేకలు, ఊరి చెరువుకు వచ్చే కొంగలు, అమ్మమ్మ పెట్టే ఆవకాయ... విషయం ఎంత చిన్నదైతే జీన్ అంత బాగా వస్తుంది.

తర్వాత డమ్మీ, అంటే బొమ్మలు వేసే ముందు మడిచి చూసుకునే ఖాళీ నమూనా పుస్తకం. కాగితాన్ని అడ్డంగా పెట్టి, పొడవాటి అంచులు కలిసేలా మడిచి విప్పండి. పొట్టి అంచులు కలిసేలా మడవండి, అదే తీరున ఇంకోసారి మడవండి. విప్పితే 8 గళ్లు కనిపిస్తాయి, ఒక్కోటి సుమారు 74 × 105 మి.మీ. ఇప్పుడు పొట్టి అంచులు కలిపి ఒక్క మడత మాత్రం ఉంచి, మడత ఉన్న వైపు నుంచి నడిమి గీత వెంట ఒక గడి దాకా కత్తిరించండి. విప్పితే కాగితం మధ్యలో రెండు గళ్ల పొడవున చీలిక ఉంటుంది. చీలిక పైకి వచ్చేలా కాగితాన్ని పొడుగ్గా మడిచి, రెండు చివరలూ పట్టుకుని లోపలికి నెట్టండి. మధ్యలో చీలిక తెరుచుకుని నాలుగు రెక్కలు వస్తాయి. వాటిని ఒకవైపుకు తిప్పితే పుస్తకం తయారు.

ఈ డమ్మీ మీదే పెన్సిల్‌తో 1 నుంచి 8 దాకా పేజీల నెంబర్లు వేసి విప్పి చూడండి. కింది వరుసలో ఎడమ నుంచి 6, 7, 8, 1 ఉంటాయి, పై వరుసలో తలకిందులుగా 5, 4, 3, 2 ఉంటాయి. అసలు బొమ్మలు వేసేటప్పుడు ఈ డమ్మీ మీ కళ్లెదురుగా ఉండాలి. 2-3, 4-5, 6-7 పేజీలు పక్కపక్కనే తెరుచుకుంటాయి కాబట్టి వెడల్పు బొమ్మ ఏదైనా ఆ జంటల్లోనే వేయండి.

అసలు ప్రతిని ఎ3 కాగితం మీద గీసి 71 శాతానికి తగ్గించి తీయిస్తే అది ఎ4కు వస్తుంది. చిన్న చిన్న వణుకులు కనపడకుండా పోయి గీత పదునుగా వస్తుంది. కానీ మన లిపి విషయంలో ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. ఘ, ఝ, ఋ లాంటి అక్షరాల్లోని సందులు సైజు తగ్గేసరికి నల్లగా పూడిపోతాయి, తలకట్టు అక్షరానికి అతుక్కుంటుంది. ఎ3 మీద అక్షరం 6 మి.మీ. ఎత్తుకు తగ్గకుండా, సన్నటి పెన్నుతో రాయండి. ఒత్తులు కిందికి వేలాడతాయి, పై నుంచి గుడులు వస్తాయి, అందుకని రెండు వరుసల మధ్య ఇంగ్లిష్‌కు వదిలే దానికన్నా ఎక్కువ జాగా వదలండి. చేతిరాత బాగోలేదని టెన్షన్ పడి కంప్యూటర్ అక్షరాలకు పోవద్దు. బొమ్మ గీసిన చెయ్యే అక్షరమూ రాస్తే పేజీకి ఒక అందం వస్తుంది.

పెన్ను నీటికి చెదరని నల్ల ఇంకుది కావాలి. లేత పెన్సిల్ గీతలు, పల్చటి బూడిద రంగు జిరాక్స్‌లో సరిగ్గా రావు, నీడలు కావాలంటే చుక్కలతో, అడ్డగీతలతో వేయండి. మెషీన్ చాలావరకు కాగితం అంచు దాకా ప్రింటు చేయదు, చుట్టూ 5 మి.మీ. ఖాళీ ఉంచండి. అతికించిన ముక్కల అంచులు నల్లటి గీతల్లా పడతాయి, వాటిమీద వైట్నర్ రాస్తే పోతాయి. ఎప్పుడూ అసలు ప్రతి నుంచే తీయించండి, జిరాక్స్‌కు జిరాక్స్ తీస్తే గీత చెడుతుంది.

రంగు కావాలంటే జిరాక్స్ షాపులో దొరికే పసుపు, గులాబి, ఆకుపచ్చ కాగితాల మీద తీయించండి. లేదా ప్రతి కాపీలో ఒక్కటే వస్తువుకు, ఒక చీరకో మామిడికాయకో, చేత్తో రంగు వేయండి. జిరాక్స్ పొడి వేడికి కరిగి కాగితానికి పట్టుకుంటుంది కాబట్టి దానిమీద వాటర్ కలర్ వేసినా గీత చెదరదు. ఇంక్‌జెట్ ప్రింటు చాలాసార్లు చెదిరిపోతుంది. వంటింటి పసుపు వాడాలనిపిస్తుంది గానీ, వెలుతురుకు అది వెలిసిపోతుంది. డబ్బులిచ్చి కొన్నవాళ్లకు అలాంటిది ఇవ్వకూడదు.

కార్డుల పని ఇంకా సులువు. 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) ఎ4 కార్డును రెండు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని మధ్యకు మడిస్తే 105 × 148 మి.మీ. కార్డు వస్తుంది. దానికి 114 × 162 సి6 కవరు సరిపోతుంది. ముందు కార్డును రెండు వైపులా కొద్దిగా వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వైపే మడత రావాలి, ఎదురు మడిస్తే అంచు పగిలి పీచు లేస్తుంది. స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా ఒక గీత గీసి ఆ తర్వాతే మడవండి. లోపల ఏమీ రాయకండి, కొన్నవాళ్లు రాసుకోవడానికే ఆ చోటు. ఉగాది, సంక్రాంతి కార్డులు నెల ముందే సిద్ధంగా ఉండాలి.

బాపు బొమ్మల్ని, వడ్డాది పాపయ్య బొమ్మల్ని చూసి వేసి అమ్మేవాళ్లు చాలామంది కనిపిస్తారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. పాపయ్య 1992లో, బాపు 2014లో కన్నుమూశారు. వాళ్ల బొమ్మల్ని చూసి నేర్చుకోండి, అమ్మేది మాత్రం మీ గీతే కావాలి.

ధర దగ్గర చాలామంది తమ కష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. ఉదాహరణకు జిరాక్స్, రంగు కాగితం, కవరు కలిపి ప్రతికి 5 రూపాయలు అనుకోండి. మడిచి రంగు వేయడానికి 6 నిమిషాలు పడితే గంటకు పది ప్రతులు. మీ కూలి గంటకు 150 చొప్పున వేస్తే ప్రతికి 15. బొమ్మలకు 10 గంటలు పడితే ఆ 1500ను 50 ప్రతులకు పంచితే ఇంకో 30. మొత్తం 50 రూపాయలు అయింది. 80కి అమ్మితే, షాపువాళ్లు 30 శాతం ఉంచుకున్నా మీ చేతికి 56 వస్తాయి. స్నేహితులు "జిరాక్సే కదా" అన్నా తగ్గించకండి.

అమ్మకానికి డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం మంచి చోట్లు. సొంత స్టాల్ ఖర్చు పెట్టుకోకుండా, ఏదైనా చిన్న ప్రచురణకర్తను అడిగి బల్ల మీద జానెడు చోటు పంచుకోండి. బల్ల మీద ఒక ప్రతిని పూర్తిగా విప్పి పెట్టండి, మడతలు చూసి జనం ఆగుతారు. పక్కన యూపీఐ క్యూఆర్ ఉండాలి. షాపులో పెడితే ఎన్ని ఇచ్చారో, వాటా ఎంతో కాగితం మీద రాయించుకోండి. పోస్టులో పంపేటప్పుడు వెనక ఒక అట్టముక్క పెట్టండి, వానాకాలమైతే ప్లాస్టిక్ కవరు కూడా వేయండి.