కర్ణాటక వయొలిన్‌తో క్లిఫ్‌టాప్ వెళ్ళాలంటే

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో, బాబ్‌కాక్ స్టేట్ పార్క్ పక్కన క్లిఫ్‌టాప్ అని చిన్న ఊరు. 1990లో మొదలైన అపలాచియన్ స్ట్రింగ్ బ్యాండ్ మ్యూజిక్ ఫెస్టివల్ అక్కడి క్యాంప్ వాషింగ్టన్-కార్వర్‌లో జరుగుతుంది, మామూలుగా జూలై ఆఖరున, ఆగస్టు మొదట్లో. ఫెస్టివల్ అని పేరే గానీ, వచ్చినవాళ్ళలో చాలామందికి స్టేజీతో పని ఉండదు. ఫిడిల్ (మన వయొలినే), బాంజో, గిటార్, నిలబెట్టి వాయించే పెద్ద బేస్ తెచ్చుకుని, టెంట్లు వేసుకుని, అర్ధరాత్రి దాటేదాకా గుంపులు గుంపులుగా వాయించుకుంటారు. ఈ పాతకాలపు జానపద సంగీతాన్ని ఓల్డ్ టైమ్ అంటారు. టెంట్ల మధ్య మైకులుండవు, యాంప్లిఫయర్లుండవు.

నేను విజయనగరంలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ ఉన్న ఊరు కదా, అక్కడ గురువులకి కొదవలేదు. ఇప్పుడు నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో మన పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మా ఇంటి నుంచి క్లిఫ్‌టాప్‌కి కారులో సుమారు నాలుగు గంటలు. వర్ణం (సాధనకి వాయించే ఒక రకం రచన) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, తడబడకుండా వాయించేవాళ్ళెవరైనా వెళ్ళొచ్చు. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలిస్తే మంచిది.

మొదటిది శ్రుతి. మామూలు పాశ్చాత్య వయొలిన్ తీగలు జి, డి, ఎ, ఇ. ఓల్డ్ టైమ్‌వాళ్ళు 'ఎ' కీలో, అంటే 'ఎ'ని ఆధార షడ్జంగా పెట్టుకుని, వాయించేటప్పుడు చాలాసార్లు కింది రెండు తీగలూ పెంచి ఎ-ఇ-ఎ-ఇ చేస్తారు. అంటే ఏమిటి? ఆరు శ్రుతిలో స-ప-స-ప! మనం చిన్నప్పట్నుంచీ వాయించే అమరికే. వాళ్ళలో కొత్తవాళ్ళు దీనికి వేళ్ళు అలవాటు కాక తికమకపడతారు, మనకి ఆ బాధ లేదు. స్వరస్థానాలూ కొత్తవేం కాదు. మోహన రాగంలో ఇమిడిపోయే ట్యూన్లు, హరికాంభోజి రాగం మెట్ల మీద నడిచేవి బోలెడు. నొట్టుస్వరాలు (పాశ్చాత్య బాణీల్లో ఉండే చిన్న రచనలు) నేర్చుకున్న పిల్లలైతే ఇంకా తొందరగా అందుకుంటారు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపడాలు, మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి. కింది నుంచి జారి స్వరాన్ని చేరుకోవడం వాళ్ళకీ ఉంది, కానీ గాంధారాన్ని ఊపితే పక్కనున్న బాంజో ఆయన తలెత్తి చూస్తాడు.

అసలు కష్టం కమానుది, అంటే తీగల మీద లాగే విల్లుది. మనం ఒక్క కమానులో ఎనిమిది స్వరాలు లాగేస్తాం. అక్కడ తాళమంతా కమానులోనే ఉండాలి, ఎందుకంటే మృదంగం లేదు. ఒక పొడుగు, రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి... ఇలా మణికట్టుతో కొడుతూ, పక్క తీగని కూడా తగిలిస్తూ పోవాలి. ఆ తగిలే తీగే వాళ్ళ తంబూర. వెళ్ళే ముందు నెల రోజులు స, ప తీగలు కలిపి ఇదొక్కటే సాధన చేయండి. ట్యూన్లు తర్వాత వస్తాయి.

కూర్చునే పద్ధతి కూడా మార్చుకోవాలి. బాసింపట్టు వేసి, మడమ మీద వయొలిన్ తల ఆనించి కూర్చుంటామంటే తడి గడ్డి ఒప్పుకోదు. పైగా అందరూ కుర్చీల్లో ఉంటే ట్యూన్ నడిపించే పెద్ద ఫిడిలర్ చెయ్యి మీకు కనబడదు. మడత కుర్చీలో కూర్చుని, వయొలిన్ ఛాతీకి ఆనించి వాయించడం అలవాటు చేసుకోండి. అక్కడ పాతకాలపు పద్ధతిలో వాయించేవాళ్ళు కొందరు గడ్డం కింద పెట్టుకోనే పెట్టుకోరు, కాబట్టి మిమ్మల్నెవరూ వింతగా చూడరు.

ఇక గుంపులో చేరడం. దీన్ని జామ్ అంటారు. మధ్యలో ఒక ఫిడిల్, దానికెదురుగా బాంజో, పక్కన గిటార్, బేస్. వయొలిన్ పెట్టెలోనే ఉంచి, బయటి వరసలో నిలబడి రెండు మూడు ట్యూన్లు వినండి. ఎవరో ఒకరు చూసి కుర్చీ జరుపుతారు. జరపలేదంటే వాళ్ళు పాత స్నేహితులు, తమలో తాము వాయించుకుంటున్నారని అర్థం, ఇంకో టెంటు చూసుకోండి. కూర్చున్నాక ఏ కీ అని అడగండి. 'ఎ'లో మొదలుపెట్టారంటే చాలాసేపు 'ఎ'లోనే ఉంటారు. కీ మారిస్తే బాంజోలూ ఫిడిళ్ళూ అన్నీ మళ్ళీ శ్రుతి చేసుకోవాలి, ఆ విసుగు ఎవరికి కావాలి?

ట్యూన్ సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి రెండేసిసార్లు. వాళ్ళు కాలితో వేసే దెబ్బని ఒక అక్షరమనుకుంటే మొత్తం ఆదితాళంలో (ఎనిమిది అక్షరాల చుట్టు) ఎనిమిది ఆవర్తనాలు. అదే ట్యూన్ పదిహేనుసార్లు, ఇరవైసార్లు తిరుగుతూనే ఉంటుంది. తనియావర్తనం (తాళవాద్యం ఒక్కటే విడిగా వాయించే ఘట్టం) లేదు, ఎవరి వంతు వాళ్ళు విడిగా వాయించడం ఉండదు, తీర్మానం (లెక్కకట్టిన ముగింపు) పెట్టే పని అసలే లేదు. మొదటి నాలుగైదు చుట్లు తీగ మీద కమాను ఆనీ ఆననట్టు, మీకు మాత్రమే వినబడేంత మెల్లగా వాయించండి. మొదట చివరి స్వరాలు దొరుకుతాయి, తర్వాత మధ్యవి. పెద్ద ఫిడిలర్ ఉన్నట్టుండి ఒక కాలు ముందుకి చాపి పైకెత్తితే ఇదే ఆఖరి చుట్టు అని. కళ్ళు మూసుకుని తన్మయత్వంలో ఉంటే ఆ కాలు కనబడదు, అందరూ ఆపాక మీరొక్కరే మిగులుతారు.

కొన్ని ట్యూన్లకి ఒక దెబ్బ ఎక్కువో తక్కువో ఉంటుంది. వాటిని వంకర ట్యూన్లంటారు. చేత్తో తాళం వేసి పట్టుకుందామంటే దొరకవు, గిటార్ కింది తీగ వినండి.

నా లెక్కలో ఇక్కడ బాగా రాణించేది సోలో కచేరీలు చేసేవాళ్ళు కాదు, పక్కవాద్యం వాయించి వాయించి చెవి పదునెక్కినవాళ్ళు. గాయకురాలు ఎటు తిరుగుతుందో తెలియకుండానే ఆమె వెంట పోవడం మనకి అలవాటే కదా. సరిగ్గా ఆ విద్యే అక్కడ కావాలి. నిరవల్ (ఒకే పాదాన్ని అప్పటికప్పుడు రకరకాలుగా పెంచడం) బ్రహ్మాండంగా వాయించే కుర్రాడొకడు మాతో వచ్చి, చోటు దొరికిన ప్రతిచోటా సంగతులు, అంటే బాణీకి కొత్త కొత్త మలుపులు, వేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి ఆ గుంపే పల్చబడిపోయింది. అక్కడ కాదనడం అలాగే ఉంటుంది.

వీలు చూసుకుని క్యాంపులోని పెద్ద లాడ్జి చూడండి. అమెరికన్ చెస్ట్‌నట్ దుంగలతో కట్టారు. తెగులు సోకి ఆ చెట్లు దాదాపు అంతరించాయి కాబట్టి అలాంటిది మళ్ళీ కట్టడం జరిగే పని కాదు. నల్లవాళ్ళని వేరుగా ఉంచిన రోజుల్లో, 1942లో, వాళ్ళ పిల్లల కోసం ఈ క్యాంపు తెరిచారు. నల్లజాతి ప్రముఖులు బుకర్ టి. వాషింగ్టన్, జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ల పేర్లు అందుకే పెట్టారు. బాంజో మూలాలు ఆఫ్రికావి. ఆ సంగతి తెలిసి అక్కడ బాంజో వింటే వేరుగా ఉంటుంది.

సామాన్ల విషయానికొస్తే, ఎండలో కారులో వయొలిన్ వదలకండి, జిగురు ఊడిపోతుంది. రాత్రి మంచుకి తీగలు బిగించే బిరడాలు బిగుసుకుంటాయి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. పై తీగలు రెండు అదనంగా ఉంచుకోండి. ఆగస్టే కదా అని స్వెటర్ మానేస్తే రాత్రి వణుకుతారు. వాన, బురద మామూలే, రబ్బరు బూట్లు, టార్పాలిన్ తప్పవు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. తిండికి చిన్న గ్యాస్ స్టవ్, బియ్యం, కందిపొడి, ఆవకాయ, నెయ్యి చాలు. మొదటి రోజుకి పులిహోర కలుపుకెళ్తే పక్క టెంటువాళ్ళతో పరిచయం దానంతటదే అవుతుంది. తేదీలూ ఫీజులూ రాష్ట్ర కళల శాఖవాళ్ళు ముందే ప్రకటిస్తారు. టెంటుకి మంచి చోటు కావాలంటే పెందలాడే చేరుకోవాలి.

రికార్డు చేసుకోవాలంటే అడిగి చేసుకోండి, కాదనేవాళ్ళు తక్కువ. టెంటులోకి వచ్చాక స్వరాలు రాసి పెట్టుకోండి, తెల్లారేసరికి పది ట్యూన్లు కలగాపులగమైపోతాయి. తిరిగొచ్చాక మీ మామూలు శ్రుతికి ఒక్కసారిగా దించకుండా రెండు విడతల్లో దించండి, బ్రిడ్జి వేళ్ళపలక వైపు ఒరిగిందేమో పక్క నుంచి చూసి నిటారుగా సరిచేయండి.