వ్యాధి ప్రబలినప్పుడు అమెరికా టికెట్ దారి మార్చారా? ఒప్పుకునే ముందు ఇవి చూడండి

ఒక దేశం రాకపోకలు ఆపేస్తే ఎయిర్‌లైన్స్ ముందు తమ విమానాల్లో సీట్లు వెతుకుతాయి, దొరక్కపోతే ఒప్పందమున్న సంస్థల్లో. గన్నవరం నుంచి అమెరికా దాకా ఒకే టికెట్ అయితే మొత్తం సర్దాల్సింది వాళ్లే. గన్నవరం–ఢిల్లీ విడిగా కొంటే ఆ డబ్బుకు ఎవరూ పూచీ పడరు. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఒకే టికెట్ తీసుకోండి.

దారి మారిందని మెసేజ్ రాగానే ఓకే నొక్కేయకండి. మధ్యలో ఏ ఊళ్లు ఉన్నాయో చూడండి. షికాగో–ఫ్రాంక్‌ఫర్ట్–పారిస్–ఢిల్లీ అని ఇస్తే షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలి; ఫ్రాంక్‌ఫర్ట్–పారిస్ మధ్య విమానం దేశీయ ప్రయాణం లాంటిదే. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం మీదుగా వస్తుంటే టీకా పత్రం దగ్గరుంచుకోండి. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు. పత్రం లేకపోతే ఇండియాలో దిగాక 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

ఎక్కువమంది ఇరుక్కునేది మరోచోట. పీఎన్ఆర్‌లో, అంటే బుకింగ్ రికార్డులో, కొత్త విమానం కనిపిస్తుంది, టికెట్ మాత్రం పాత దారి మీదే ఉండిపోతుంది. అప్పుడు కౌంటర్లో బోర్డింగ్ పాస్ రాదు. అందుకే ‘టికెట్ రీఇష్యూ చేశారా?’ (కొత్త దారికి టికెట్ మళ్లీ ఇచ్చారా) అని సూటిగా అడగండి. 13 అంకెల టికెట్ నంబరు, కొత్త తేదీలు ఉన్న రసీదు మెయిల్‌కు వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి. ఏజెంటు దగ్గర కొన్నవాళ్లను కాల్ సెంటర్ తరచూ ఏజెంటు దగ్గరికే పంపుతుంది, కాబట్టి ఇద్దరికీ ఒకేసారి చెప్పండి.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల విషయంలో ఇంకో జాగ్రత్త: పాత బుకింగ్‌లోని వీల్‌చైర్, శాకాహార భోజనం కొత్త విమానానికి చాలాసార్లు రావు. మళ్లీ అడిగి పెట్టించండి.